మొయినాబాద్‌లో దానంతటదే తాళం పడిన కారు

పోయిన వానాకాలం మా పాపకు టైఫాయిడ్ వచ్చింది. చేవెళ్ల దవాఖానలో సెలైన్ ఎక్కుతున్న ఆ చిన్న చేతిని పట్టుకుని, జ్వరం తగ్గితే చిల్కూరు బాలాజీ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని మనసులో మొక్కుకున్నాను. పాప కోలుకుంది. కానీ ఆ మొక్కు సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. పొలం పనుల్లో తీరిక లేని వాళ్లను నన్ను గుడికి తీసుకుపొమ్మని అడగడం నా వల్ల కాలేదు. ఈ వానలకు పాపకు మళ్లీ జలుబు పట్టినప్పుడు మా అత్తమ్మే నన్ను కూర్చోబెట్టి, "ఏమన్న మొక్కుకున్నవా బిడ్డా? ఉంటె చెప్పు. దేవుని దగ్గర మొక్కు ఉంచుకోవద్దు" అని అడిగింది. చెప్పేశాను. వారం మధ్యలో జనం తక్కువగా ఉంటారని బుధవారం బయలుదేరాలని అనుకున్నాం. చేవెళ్ల వైపు నుంచి చిన్న పిల్లలతో చిల్కూరు వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు చేవెళ్లకు దగ్గరే, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. మాది బంతి తోట. ఎండాకాలంలో మా ఆయన ఒక తెల్ల కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఏ కంపెనీదో ఇక్కడ రాయను. ఆ కారంటే అత్తమ్మకు ప్రాణం. ప్రతి శుక్రవారం దాన్ని కడిగించి, బొట్లు పెట్టి, ముందు అద్దం కింద వైపర్లు ఉండే చోట గుప్పెళ్లకొద్దీ బంతిపూలు పోసి, పసుపు బియ్యం చల్లి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పోసేది. మా పక్కింటి వాళ్ల కారుకు ఒక దండ వేస్తే మా కారుకు గంపెడు పూలు పడేవి. "ఎందుకే అవ్వా గన్ని పూలు" అని మా ఆయన నవ్వితే, "మన తోట పూలు మన బండికి పెట్టకుంటె ఎవరికి పెడ్తంరా" అనేది. సాయంత్రానికి ఆ పూలు వాడి, రేకులు రాలి, అద్దం కింద ఉండే నల్ల జాలీలోకి జారిపోయేవి. పైన మిగిలినవి నేను ఊడ్చేదాన్ని. లోపలికి పోయినవి ఏమయ్యాయో ఎవరమూ ఆలోచించలేదు.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి బయలుదేరాం. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. ఎదురుగా వచ్చే లారీలను చూస్తే అత్తమ్మకు గుండె దడ. అందుకని ఆమె పాపను పక్కన పెట్టుకుని వెనక కూర్చుంటుంది, నేను ముందు కూర్చుంటాను. లారీలంటే నాకూ భయమే, కానీ చెప్పను. చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు మామూలుగా అరగంట. రోడ్డు వెడల్పు చేసే పనులున్న చోట మట్టి జారుతుంటుంది కాబట్టి వానరోజుల్లో ఇంకో పావుగంట ఎక్కువ పెట్టుకోండి. చేవెళ్ల దాటిన కొద్దిసేపటికే నా కాళ్లకు చల్లగా తగిలింది. చెప్పులు విడిచి పాదం ఆనించి చూస్తే కింద చాప తడిసి ఉంది. వేలితో నొక్కితే నీళ్లు పైకి ఊరుతున్నాయి.

"ఇగో, కాళ్ల కింద నీళ్లున్నయి" అన్నాను మెల్లగా.

"ఏసీ నీళ్లయి ఉంటయి. ఏం గాదు తియ్" అన్నారు మా ఆయన.

ఇంకొంత దూరం పోయాక వాన చుక్క లేకుండానే వైపర్లు ఆడటం మొదలుపెట్టాయి. ఆయన మీట ఎటు తిప్పినా ఆగలేదు. పొడి అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరిగి తిరిగి, వాటంతట అవే మధ్యలో నిలిచిపోయాయి. మా ముందు కంకర టిప్పర్, వెనక బస్సు. అప్పుడు నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారిగా టక్కుమని పడ్డాయి. మళ్లీ టక్కుమని లేచాయి. ఎవరో కనబడని మనిషి కార్లో కూర్చుని ఆడుకుంటున్నట్టు అనిపించింది.

"దిష్టి రా ఇది! నిమ్మకాయ కట్టుమంటె ఇన్నవా?" అంది అత్తమ్మ.

"నిమ్మకాయ గాదే అవ్వా, ఏదో వైరు లూజైంది."

"వైరు లూజైతె తలుపులు కొట్టుకుంటయా? నీకు తెల్వకుంటె తెల్వదను."

వెనక్కి తిరిగి ఇంటికి పోదామని నా నోటి దాకా వచ్చింది. కానీ మొక్కు నాది, ప్రయాణం నా కోసం. నేనే వద్దంటే ఏమనుకుంటారోనని గమ్మున కూర్చుని, వెనక నిద్రపోతున్న పాపను అద్దంలో చూస్తూ ఉన్నాను.

మొయినాబాద్‌లో చిల్కూరు వైపు మళ్లే చోటుకు కొంచెం ముందు, ఒక చాయ్ బండి పక్కన కారు ఆపారు. అప్పటికి మబ్బులు విడిపోయి, వాన వెలిశాక కొట్టే ఎండ చురుక్కుమంటోంది. అత్తమ్మ దిగి నిమ్మకాయలు కొనడానికి ఎదురుగా ఉన్న కూరగాయల దగ్గరికి వెళ్లింది. ఆయన దిగి బానెట్ ఎత్తారు. పాప వెనక సీట్లో ఆదమరిచి నిద్రపోతోంది. చల్లగా ఉంటుందని ఇంజన్, ఏసీ ఆపలేదు. తాళం చెవి స్టీరింగ్ పక్కన పెట్టిందే ఉంది. "మమతా, ఆ చాప తీసి దులుపు, తలుపెయ్యి, ఏసీ పోతది" అన్నారాయన. నేను తడి చాప పట్టుకుని దిగి, తలుపు వేశాను.

టక్.

వెంటనే తలుపు లాగాను. రాలేదు. అవతలి వైపు వెళ్లి లాగాను. అదీ రాలేదు. మా ఆయన నాలుగు తలుపులూ లాగి చూస్తుండగానే ఇంజన్ ఒకసారి వణికి ఆగిపోయింది. ఏసీ చప్పుడు కూడా ఆగింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, పాప లోపల ఉందని, అద్దాలన్నీ పైకి ఉన్నాయని, తాళం చెవి కూడా లోపలే ఉందని. రెండో తాళం చెవి అమ్మినాయన ఇవ్వనే లేదు. పోయిందన్నాడు, మేం అడగడం మానేశాం.

జనం పోగవడానికి ఎంతోసేపు పట్టదు. ముందుగా వచ్చింది అక్కడే సవారీ కోసం ఆగి ఉన్న ఒక ఆటో డ్రైవర్. స్టీలు స్కేలు తెచ్చి అద్దానికీ రబ్బరుకూ మధ్య దూర్చి తిప్పలు పడ్డాడు. "అన్నా, పాత బండ్లయితె స్కేలు పెట్టంగనే వస్తది. దీనికి పైన గుండీ ఏడున్నది? అంత కరెంటుతోనే నడుస్తది. కరెంటు పోతె దేవుడే దిక్కన్నట్టు చేసిండ్రు" అన్నాడు. లోపలి పిడి లాగినా తెరుచుకోదు, దాని పక్కన ఉన్న చిన్న మీట తిప్పాలి. అది పెద్దవాళ్లకే గట్టిగా ఉంటుంది. వెనక తలుపులకు పాప తీయకూడదని మేమే పిల్లల తాళం వేసి ఉంచాం. మా ఆయన కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేశారు. "మా మనిషి సిటీ నుంచి బయల్దేరుతడు, రెండు గంటలు పడ్తది, అద్దం పగలగొట్టొద్దు" అని చెప్పారట. "నా బిడ్డ లోపలున్నది సార్! రెండు గంటలు ఏంది సార్!" అని ఆయన అరుస్తుంటే ఆ అరుపుకు పాప లేచింది.

లేచి చూస్తే ప్రతి అద్దానికీ ముఖాలే. ఒకరు కొడుతున్నారు, ఒకరు పిలుస్తున్నారు, ఒకరు ఫోన్లో వీడియో తీస్తున్నారు. "దా బిడ్డా, గా మీట తిప్పు", "ఇటు రా, ఇటు రా" అని నాలుగు వైపుల నుంచీ కేకలు. పాప ఒక అద్దం దగ్గరికి పోయి, అక్కడి ముఖాలకు జడిసి ఇంకో అద్దం దగ్గరికి పోయి, సీట్ల మధ్య పడి లేచి ఏడుస్తోంది. ఏడుపు మాకు సరిగ్గా వినబడటం లేదు, నోరు తెరుచుకోవడమే కనబడుతోంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. మా ఆయన రాయి తీసుకున్నారు. కానీ ఏ అద్దం దగ్గర రాయి ఎత్తితే పాప నాన్న కోసం ఆ అద్దానికే వచ్చి అంటుకుంటోంది. రెండుసార్లు ఎత్తి రెండుసార్లూ దించేశారు. నిమ్మకాయలు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన అత్తమ్మ రోడ్డు మీదే కూలబడి దేవుణ్ని పిలుస్తోంది.

నేను మగవాళ్ల మధ్య నుంచి దారి అడగడానికి కూడా సిగ్గుపడే మనిషిని. పెళ్లయ్యాక అత్తమ్మ ముందు గొంతు పెంచింది లేదు. ఆ నిమిషంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"జరగుండ్రి! అందరు జరగుండ్రి! పిల్ల జడుసుకుంటున్నది! ఒక్కలు గూడ అద్దం దగ్గర ఉండొద్దు!"

ఎవరూ కదల్లేదు. మళ్లీ అరిచాను. ఫోన్ పట్టుకున్న అతని భుజం పట్టుకుని వెనక్కి నెట్టాను. మా ఆయన నన్నే చూస్తున్నారు. "నువ్వు గూడ జరుగు!" అన్నాను. ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన జరిగారు. ఆటో డ్రైవర్ మిగతా వాళ్లను తోశాడు. "అక్క చెప్తుంటె ఇనవడ్తలేదా? తమాషానా ఇది? నడువుండ్రి!"

"తమ్మీ, నేను పిల్లను గీ మూలకు పట్టుకొస్త. నువ్వు గా ముంగటి అద్దం పగలగొట్టు. చెయ్యి ఊపినంక కొట్టు, ముందు కొట్టకు" అని అతనికి చెప్పాను. అతను కూరగాయల ఆమె తక్కెడ దగ్గర నుంచి రెండు కిలోల బాటు తెచ్చుకుని, ముందు ఎడమ అద్దం పక్కన వంగి నిలబడ్డాడు.

నేను వెనక కుడి అద్దం కింద కూర్చున్నాను. ఇంట్లో వడ్ల బస్తాల వెనక పాపా నేనూ రోజూ ఆడే ఆట ఒకటుంది. కొంగు ముఖం మీద కప్పుకుని, "బుజ్జమ్మ ఏడున్నది? ఏడ వోయింది?" అంటూ లేచి, అద్దం ముందు కొంగు తీశాను. పాప చూసింది. మళ్లీ కిందికి దాక్కున్నాను. మళ్లీ లేచాను. నా వెనక రోడ్డు నిండా జనం ఉన్నారని నాకు తెలుసు. నవ్వు తెచ్చుకుంటున్న నా ముఖం మీద కన్నీళ్లు కారుతున్నాయని కూడా తెలుసు. నాలుగోసారో ఐదోసారో లేచేసరికి పాప నా అద్దానికి వచ్చి అరచేయి ఆనించింది. నేను ఇవతలి నుంచి నా చేయి ఆనించాను. అద్దం కాలుతోంది. రెండో చేయి ఊపాను.

మొదటి దెబ్బకు బాటు జారింది, అద్దం పగల్లేదు. పాప ఉలిక్కిపడి అటు తిరగబోయింది. "బుజ్జమ్మా! ఇటు జూడు, అమ్మ ఏడున్నది?" అని నేను అద్దం మీద చప్పట్లు కొట్టాను. రెండో దెబ్బ మూల మీద పడింది. అద్దం గలగలమని రాలింది. అతను గాజు కోసుకుంటున్నా లోపలికి చేయి పెట్టి మీట తిప్పి, ముందు సీటు మీదుగా పాపను అందుకుని నాకిచ్చాడు.

పాప ఒళ్లు జ్వరం వచ్చినట్టు కాలుతోంది. గౌను పిండితే నీళ్లు కారేలా ఉంది. ఏడవలేదు, నన్ను చూడలేదు, తల నా భుజం మీద వాల్చేసింది. ఆ రోజు మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది అప్పుడే. చాయ్ బండి అవ్వ పాపను నీడకు తీసుకురమ్మని, మెడ మీదా నెత్తి మీదా నీళ్లు పోసి, "ఊకె ఒక్కసారే తాపకు, పెదవులు తడుపు ముందు" అంటూ చెంచాతో నీళ్లిచ్చింది. కొంచెంసేపటికి పాప నోరు విప్పి గట్టిగా ఏడ్చింది. "హమ్మయ్య, ఏడ్వనియ్ బిడ్డా, మంచిదే" అంది అవ్వ. ఆ ఏడుపు వింటూ నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పక్క వీధిలో ఉన్న డాక్టరు దగ్గర చూపించాం. భయం లేదని చెప్పి, తాగించడానికి ఓఆర్ఎస్ రాసిచ్చాడు.

కారును తోసుకుంటూ దగ్గర్లోని మెకానిక్ షెడ్డుకు చేర్చారు. మెకానిక్ మొదట బ్యాటరీ అన్నాడు. బ్యాటరీ మార్చి చూసినా లాభం లేకపోయింది. తర్వాత అలారం వైరింగ్ అన్నాడు. అదీ కాదు. నేను కూర్చున్న చోట ఇంకా నీళ్లు కారుతుండటం మా ఆయన చూపించాక, ముందు అద్దం కింద నల్ల జాలీ విప్పాడు. చేయి పెట్టి తీస్తే నల్లటి ముద్ద వచ్చింది. కుళ్లిన బంతి రేకులు, మొలకెత్తిన బియ్యం, కొబ్బరి పీచు. ఒక దోసిలి కాదు, చిన్న బకెట్ నిండా వచ్చింది. అందరం అత్తమ్మ వైపు చూడకూడదనుకున్నాం, కానీ చూశాం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా చేతులతోనే చేసిన గదరా కొడుకా" అంది.

"అవ్వా, పూలు అందరు పెడ్తరు. వానకాలం మొదలైనంక గీ మాడల్ ఇంకోటి వచ్చింది, అది యాపచెట్టు కింద పెట్టినోళ్లది. ఆకులు పడి గిట్లనే అయ్యింది" అన్నాడు మెకానిక్. వాన నీళ్లు బయటికి పోవడానికి ఉన్న రెండు బెజ్జాలు చూపించాడు. నా చిటికెన వేలు కూడా పట్టదు. అవి మూసుకుంటే నీళ్లు నిండి లోపలికి పొర్లుతాయి. సరిగ్గా ఆ పొర్లే చోటు కిందే తాళాలూ వైపర్లూ లైట్లూ నడిపే డబ్బా బిగించి ఉంది. దాని మీద రేకు మూత కూడా లేదు. "ఇంట్ల కరెంటు మీటరు తీసుకపోయి చూరు నీళ్ల కింద పెడ్తమా? వీళ్లు పెట్టిండ్రు" అన్నాడు. డబ్బా బాగుచేయడం కుదరదట, కొత్తదే వేయాలి. దానికే ముప్పై ఎనిమిది వేలు, అద్దం, వైర్లు, కూలి కలిపి యాభై దాటుతుందన్నాడు. మా ఆయన మళ్లీ కంపెనీకి ఫోన్ చేస్తే, నీళ్లు పోయి పాడైనవాటికి తమ పూచీ లేదన్నారు. తోటలో ఆ కోత డబ్బులు దానికే పోయాయి. ఆ మాట ఆయన ఈనాటికీ పైకి అనలేదు.

మధ్యాహ్నం అయింది. ఇంటికి పోదామా అంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఇంతదూరం వచ్చి మొక్కు వదిలిపెట్టి పోతె మల్ల ఎప్పుడొస్తం? నడువు" అంది. ఆయన కారు దగ్గర ఉండిపోయారు. అద్దం పగలగొట్టిన ఆటోలోనే మేం ముగ్గురం చిల్కూరు వెళ్లాం. షేరింగ్ ఆటో మనిషికి ముప్పై రూపాయలు. ఎక్కువిస్తే తీసుకోలేదు. "చేతికి గాజు కోసుకున్నదానికి పైసలేంది అవ్వా, నిమ్మకాయ ఒకటి నా బండికి కట్టు చాలు" అని నవ్వాడు. అత్తమ్మ నిజంగానే కట్టింది. ఆటోకు తలుపులు లేవు. రెండు పక్కల నుంచీ గాలి కొడుతుంటే ఆ రోజు మొదటిసారి నాకు ఊపిరి ఆడింది.

గుడి బయట దుకాణాల్లో ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే కార్డు ఇస్తారు. నా చేతులు ఖాళీ లేవు కాబట్టి అత్తమ్మే నా వెనక నడుస్తూ గీతలు పెట్టింది. పాపను కాసేపు ఇమ్మని అడిగింది. ఇవ్వలేదు. చంక మార్చుకుంటూ, కాళ్లు మంటలెత్తుతున్నా తిరిగాను. తిరిగినంతసేపూ పాప గుండె నా పక్కటెముకలకు తగులుతోందో లేదో చూసుకుంటూనే ఉన్నాను. సగం అయ్యాక అత్తమ్మ పక్కకు వచ్చి, "నాలుగేండ్లయె నువ్వు మా ఇంటికొచ్చి. నీకు గొంతున్నదని గియ్యాల్నే తెలిసింది" అంది. కోపంగా అందేమోనని బెదిరి చూశాను. "ఉండాలె తియ్" అని మళ్లీ వెనక్కి తగ్గి కార్డు మీద గీత పెట్టింది. జనం తక్కువ ఉన్న రోజు, పిల్లను ఎత్తుకుని, నాకు మూడు గంటలు పట్టింది. సాయంత్రం ఆటోలో మొయినాబాద్ వచ్చి, ఆయన్ని కలుపుకుని, చేవెళ్ల బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు.

కారు ఇంటికి రావడానికి మూడు వారాలు పట్టింది. రెండో తాళం చెవి చేయించాం, అది నా మంగళసూత్రం పక్కన పిన్నుకు వేలాడుతుంది. పాపకు ఏదీ గుర్తు లేదు, కారెక్కుదామని మారాం చేస్తుంది. నాకే ఇంకా తగ్గలేదు. పక్కింటి బీరువా తాళం పడినా పాప ఎక్కడుందో చూస్తాను. మనుషులు చేసిన తప్పుకు మనుషులతో పోట్లాడవచ్చు. ఎక్కడో కంపెనీలో కూర్చుని గీసిన కారు నమూనాలోనే తప్పుంటే ఎవరి ముందు నిలబడి అడగాలో నాకు తెలియదు. అందుకే ఒకటి మాత్రం నేర్చుకున్నాను. అనుమానం వచ్చినప్పుడు మెల్లగా చెప్పి ఊరుకోను. వినే దాకా చెబుతున్నాను. మొదట్లో మా ఆయన విసుక్కున్నారు, ఇప్పుడు కారు ఆపి దిగి చూస్తున్నారు.

మీకు నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. వానల్లో పిల్లలతో బయలుదేరేటప్పుడు ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, ఒక చెంబెడు నీళ్లు పోసి వంగి చూడండి. ఆ నీళ్లు వెంటనే కారు కింద నేల మీద పడాలి. పడకపోతే, ఎంత ఆలస్యమైనా సరే, పిల్లలను ఆ కారు ఎక్కించకండి.